ముల్లు పైకి తెచ్చాం

ఆ పెట్టెను లోపలికి తేవడానికి ముగ్గురు కావలసి వచ్చారు. ఇద్దరు చెరోపక్కా పట్టుకుంటే, మూడో ఆయన ప్రెసిడెంటు గారు "మెల్లగా, మెల్లగా" అంటూ వెనక నడిచారు. వైండింగ్ మేస్త్రి బల్ల మీది ఫ్యాను మోటార్లను మోచేత్తో ఓ పక్కకు నెట్టి చోటు చేశాడు. పెట్టె దిగగానే బల్ల కిర్రుమంది.

"దీని జబ్బేమిటో మీరు వెతకక్కర్లేదు మేస్త్రిగారూ. మాకు తెలుసు. తుఫాను రోజున టీచరమ్మ కాల్చేసింది," అన్నారు ప్రెసిడెంటు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

ఆయన హామ్ రేడియో క్లబ్బుకు ప్రెసిడెంటు. ఫోన్లన్నీ పడిపోయిన రోజున ఏటి అవతలి శిబిరాలతో మాట్లాడేది ఆ క్లబ్బు రేడియో ఒక్కటే. గాలివాన గోలలో దాని గొంతు చాలదు కనక యాంప్లిఫయరు తగిలిస్తారు. ఆ యాంప్లిఫయరుకు వేల వోల్టుల కరెంటు ఇచ్చే పవర్ సప్లై ఈ పెట్టె. వయసు ముప్ఫై ఏళ్ల పైమాటే. తుఫానులో పేలాక ఎనిమిది నెలలు క్లబ్బు మూల గోనెసంచి కప్పుకుని పడుంది. మళ్లీ వానలు దగ్గర పడుతున్నాయని ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఎలా కాల్చింది?" అన్నాడు మేస్త్రి.

"యాంప్లిఫయరు వేడెక్కనివ్వకుండా పెద్ద స్విచ్చి నొక్కేసింది. చిన్న స్విచ్చి వేశాక మూడు నిమిషాలు ఆగమని గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసిపెట్టాం. పాఠాలు చెప్పుకునే మనిషికి మెషీన్లెందుకండీ? ఆవిడే ఒప్పుకుందిలెండి. మేం పల్లెత్తు మాట అనలేదు. డ్యూటీ పట్టీలోంచి పేరు తీసేశాం, అంతే."

"పల్లెత్తు మాట అనకుండానే తీసేశారన్నమాట," అంది మేస్త్రి భార్య.

ఆమె గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని పనుల పుస్తకం రాస్తోంది. మేస్త్రి అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయని పెళ్లయిన ఏడాదే ఆ పుస్తకం తన చేతిలోకి తీసుకుంది. ఏ మెషీను వచ్చింది, ఏమైంది, ఏం చేశారు అని ఆయన చెబుతుంటే ఆమె రాస్తుంది.

ప్రెసిడెంటు ఆ మాట విననట్టే, "వారంలో అయిపోతే బాగుంటుంది" అని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున మేస్త్రి మూత విప్పాడు. పద్దెనిమిది స్క్రూలు. ఎనిమిది నెలలు పడున్న పెట్టెలో కరెంటు మిగిలి ఉండదని తెలిసినా, చచ్చిన పామునైనా కర్రతో కదిపి చూడాలన్నది ఆయన పద్ధతి. కొసన రాగితీగ కట్టిన ఎండుకర్రతో వరసగా అన్నిటినీ తాకాడు. ఆయనది ఎడమచేతి వాటం. కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని ఎడమచేత్తోనే లోపల వెతికాడు.

కరెంటు నిల్వచేసే ఎనిమిది కెపాసిటర్లు సోడా డబ్బాల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఎడమ నుంచి మూడోది నెత్తి పగిలి, లోపలి కాగితం చుట్ట బయటికి పొంగి గట్టిపడింది. పక్కవాటి మీద తెల్లటి మరకలు. పుల్లటి వాసన ఇంకా పోలేదు.

మేస్త్రి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మళ్లీ వంగి చూశాడు.

"ఏమైంది?" అంది భార్య.

"వేడెక్కకుండా స్విచ్చేస్తే దెబ్బ తినాల్సింది యాంప్లిఫయరులో వాల్వు. వాల్వు శుభ్రంగా ఉందట. పోయింది ఇది. పన్నునొప్పని చెబితే, నోరు తెరిపించి చూశాక కాలు విరిగి ఉన్నట్టుంది."

ఒక్కో కెపాసిటరు మీదా ఒక్కో రెసిస్టరు ఉంది. ఎనిమిదీ వోల్టేజీని సమంగా పంచుకోవడానికి. ఎనిమిది కొలతలూ ఒక్కలా రావాలి. ఏడు ఇంచుమించు ఒక్కలాగే వచ్చాయి. మూడోది దాదాపు రెండింతలు చూపించింది. పైన రంగు బీటలు వారి గోధుమరంగుకు తిరిగింది. అది ఒక్క పూటలో అయ్యే పని కాదు, ఏళ్లు పడుతుంది. ఆ లెక్కన మూడో కెపాసిటరు చాలాకాలంగా తన వాటా కన్నా ఎక్కువ మోస్తోంది. అయినా దాని తట్టుకునే శక్తికి లోబడే ఉండాలి. ఎందుకు పేలినట్టు?

"టీచరమ్మని ఒకసారి రమ్మను. ఆ రోజు ఏం జరిగిందో చూసినవాళ్లు చెబితేగాని తెగేలా లేదు," అన్నాడు.

ఆమె బుధవారం సాయంత్రం బడి వదిలాక వచ్చింది. నలభై లోపు మనిషి. చీర కొంగు అంచుకు సుద్దపొడి. పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రామ్మా, అదేం కరవదు. కరిచేది మా ఆయనే," అంది మేస్త్రి భార్య, టీ గ్లాసు అందిస్తూ.

టీచరమ్మ నవ్వలేదు. పెట్టెకు దూరంగా గోడవార కూర్చుని, అడగకముందే మొదలుపెట్టింది. చాలాసార్లు చెప్పి చెప్పి అరిగిన కథలా, ఎక్కడా తడబడకుండా చెప్పింది.

"క్లబ్బులో నేనొక్కదాన్నే ఉన్నాను. జనరేటరులో నూనె అయిపోతుందని యాంప్లిఫయరు ఆపేసి ఉంచాం. ఏటవతలి శిబిరం నుంచి పిలుపొచ్చింది. ఒక పెద్దాయనకి ఊపిరాడట్లేదు, ఆక్సిజన్ పంపండి అని సగం వినపడింది. ఏ శిబిరమో వినపడలేదు. మళ్లీ చెప్పండి అంటున్నాను, నా గొంతు వాళ్లకి అందట్లేదు. యాంప్లిఫయరు వేద్దామనుకున్నా. ముందు చిన్న స్విచ్చి, మూడు నిమిషాలయ్యాక పెద్దది. తెలుసు నాకు. అయినా ఆగలేకపోయాను. చిన్నదీ పెద్దదీ ఒకదాని వెంట ఒకటి నొక్కేశాను. నొక్కగానే ఢామ్మంది."

"నొక్కగానేనా?"

"నొక్కగానే. వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది." ఆమె చూపుడువేలు గాలిలో చాపి చూపించింది. "ఏ శిబిరమో కనుక్కోవడానికి నలభై నిమిషాలు పట్టింది. పడవ వెళ్లేసరికి ఆయన పోయారు."

టీ మీద మీగడ కట్టింది. ఆమె తాగకుండానే గ్లాసు గోడపక్కన పెట్టి, "బాగవుతుందాండీ?" అని అడిగింది. అవుతుందన్నాడు మేస్త్రి. ఆమె తలూపి వెళ్లిపోయింది.

గురువారం ఆయన పాత కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి బిగించాడు. రెసిస్టర్లూ మార్చాడు. డయోడ్లు ఒక్కొక్కటే చూశాడు, బాగున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు ఒరుసుకుంటుందేమోనని పెట్టెను వాల్చి చూస్తే, దాని వెనక, అడుగున, అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా ఒకటి కనపడింది. టైమర్ రిలే. ఎప్పుడో ఈ పెట్టె కట్టిన మహానుభావుడు గోడ మీది రాతను నమ్మలేదు. చిన్న స్విచ్చి వేసిన మూడు నిమిషాల దాకా పెద్ద స్విచ్చి ఎన్నిసార్లు నొక్కినా కరెంటు పోకుండా లోపలే తాళం వేసి పెట్టాడు.

మేస్త్రి ఆ రిలేకు విడిగా కరెంటిచ్చి చూశాడు. భార్య గోడగడియారం చూస్తూ లెక్క పెట్టింది. మూడు నిమిషాల రెండు సెకన్లకు టిక్కుమంది. మళ్లీ. మూడు నిమిషాలు. స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూశాడు. ఫ్యాను పెట్టి చల్లార్చి చూశాడు. జుట్టు ఆరబెట్టే మెషీనుతో వేడిగాలి కొట్టి చూశాడు. మధ్యాహ్నం భోజనం మానేసి పదిసార్లు చూశాడు. పదిసార్లూ మూడు నిమిషాలే. మూత విప్పి భూతద్దం పెట్టి చూస్తే లోపల ఒకదాన్నొకటి తాకే కొసలు కూడా ఎక్కడా అతుక్కోలేదు, నల్లబడలేదు.

"నొక్కగానే అంది కదూ?" అన్నాడు.

"వేలు స్విచ్చి మీదే ఉందంది."

"ఉండడానికి వీల్లేదు. నొక్కినా మూడు నిమిషాల తరవాతే పేలాలి. అబద్ధం చెబుతోందంటావా?"

"తనని తను దొంగని చేసుకోవడానికి అబద్ధం చెప్పేవాళ్లుంటారా? నా మొదటి వంట బాగుందని మీరు చెప్పారంటే అర్థముంది, ఇంట్లో ఉండాలి గనక."

ఆయనకు నవ్వు రాలేదు. మెషీను అబద్ధం చెప్పదు. ఆ మనిషీ చెప్పేలా లేదు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. నుదురు రుద్దుకుంటూ, పని పూర్తి చేస్తే ఏదో ఒకటి తేలుతుందని పెట్టె మళ్లీ బిగించాడు. వోల్టేజీని కొంచెం కొంచెంగా పెంచే డబ్బా తగిలించి, మూడు నిమిషాలు ఆగి, తిప్పడం మొదలుపెట్టాడు. పెట్టె ముఖం మీది మీటరులో వోల్టేజీ చూపే ముల్లు లేచింది. వెయ్యి. రెండు వేలు. రెండువేల ఎనిమిది వందల దగ్గర ఎర్రగీత ఉంది, ఉండాల్సింది అక్కడే. సరిగ్గా గీత మీదికొచ్చి నిలబడింది.

తన మీటరు పెట్టి చూశాడు. మూడువేల నూట ముప్ఫై.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. మూడువేల నూట ముప్ఫై. రెండు మీటర్లు, రెండు మాటలు. పక్కవీధి టీవీ మెకానిక్కు మీటరు అడిగి తెచ్చి పెడితే అదీ తన మీటరు పక్షానే చెప్పింది. అన్నీ ఆపి, కర్ర తాకించి, ముల్లు వెనకున్న రెసిస్టర్లు కొలిచాడు. ముసలివైపోయి అవీ విలువ మారాయి. అంటే ముల్లు కొన్నేళ్లుగా ఉన్నదాని కన్నా తక్కువే చూపిస్తోంది.

సరే, తక్కువ చూపిస్తే గీత కిందే నిలబడాలి కదా. గీత మీదికెలా వచ్చింది? లోపల ఎక్కువ ఎందుకుంది?

ట్రాన్స్‌ఫార్మరు ముందు భాగంలో మూడు కొసలు ఉన్నాయి, వీధి కరెంటు ఎంత ఉంటే ఆ కొసకు తీగ అతకాలి. తీగ ఉండాల్సిన చోట లేదు. ఇంకో కొసకు మార్చి ఉంది. అలా మారిస్తే బయటికొచ్చే వోల్టేజీ పెరుగుతుంది. ముల్లు దిగిపోయిందని చూసి, ఎవరో దాన్ని గీత మీదికి లాగడానికి లోపల వోల్టేజీనే పెంచేశారు. జ్వరం సరిగ్గా చూపించట్లేదని రోగిని ఎండలో పడుకోబెట్టినట్టు. దానికి తోడు తుఫాను రోజున జనరేటరు కరెంటు ఎగిరెగిరి పడి ఉంటుంది. మూడో కెపాసిటరు నెత్తి పగలక ఏం చేస్తుంది?

మేస్త్రికి లోలోపల కాస్త సంబరం వేసింది. ఈ పని ఎవరిదో తెలిసినట్టే అనిపించింది. వెంటనే ప్రెసిడెంటుకు ఫోను చేశాడు.

"పెట్టె లోపల తీగ మార్చారా మీరు?"

"నేనా? బల్బు మార్చాలంటేనే మా ఆవిడని పిలుస్తానండీ," అన్నారాయన. "దాన్ని మీరు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు కదా. రెండేళ్ల కిందట మీ దగ్గరికే తెచ్చాం."

మేస్త్రి ఫోను పెట్టేసి దీపం దగ్గరికి లాక్కుని వంగి చూశాడు. తీగను కొస చుట్టూ ఒకటిన్నర చుట్టు తిప్పి, తోక ఎడమవైపుకి వంచి, ఆ పైన టంకం పెట్టారు. నున్నగా, మెరుస్తూ, గింజంత. కుడిచేతి వాటం వాళ్లు తోక కుడివైపుకి వంచుతారు. తనకు పని నేర్పినవాడు ఈ ఎడమ తోక చూసి ఎన్నిసార్లు వెక్కిరించాడో.

"రెండేళ్ల కిందటి పుస్తకం తియ్యి," అన్నాడు.

ఆమె అలమారులోంచి తీసి, వేలు నాలికకు అద్దుకుంటూ పేజీలు తిప్పింది. "ఇదిగో. క్లబ్బు పవర్ సప్లై. ముల్లు దిగిందన్నారు. పైకి తెమ్మన్నారు. పైకి తెచ్చాం."

"ఇంకేం రాయలేదా?"

"లేదు."

"నా మీటరు పెట్టి చూశానా ఆ రోజు?"

"నాకేం తెలుసు? చూసుంటే చెప్పేవారు. చెప్పుంటే రాసేదాన్ని."

ఎంత తవ్వుకున్నా ఆ రోజు ఆయనకు గుర్తు రాలేదు. ఆ పెట్టె తన బల్ల మీదకు వచ్చినట్టే గుర్తు లేదు. పది నిమిషాల పని అయి ఉంటుంది. ఎవరో మోటారు కోసం తొందర పెడుతూ ఉండి ఉంటారు. చెయ్యని తప్పు వేలితో సహా గుర్తున్న మనిషి నిన్న ఆ గోడవార కూర్చుంది. చేసిన తప్పు తన ఎడమచేతి గుర్తుతో కళ్ల ముందు ఉంటే, తన బుర్రలో మాత్రం దాని ఆనవాలు లేదు.

శుక్రవారం ప్రెసిడెంటు వచ్చి అంతా విన్నారు. వింటున్నంతసేపూ తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుతూ ఉన్నారు. 'పైకి తెమ్మన్నారు' అన్న మాట దగ్గర తిప్పడం ఆపారు.

"ఇప్పుడివన్నీ ఎందుకండీ? బాగయిందిగా. పాతికేళ్ల పేరు మీది, పాడు చేసుకుంటారా? క్లబ్బులో అందరూ ఎప్పుడో మరిచిపోయారు."

"అందరూ అంటే? టీచరమ్మ కూడానా?"

ఆయన తాళంచెవులు జేబులో వేసుకున్నారు. భార్య చేత రాయించిన కాగితాన్ని మేస్త్రి ఆయన చేతికిచ్చాడు. ఏం పాడైంది, ఎవరి పని వల్ల, అన్నీ అందులో ఉన్నాయి. క్లబ్బు గోడకు అంటించమన్నాడు. ప్రెసిడెంటు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"నాలుగు మడతలు పడ్డ కాగితం గోడెక్కదు," అంది భార్య ఆయన వెళ్లాక. ఇంకో ప్రతి రాయడానికి అప్పటికే కూర్చుంది.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. మేస్త్రి ముందు రిలే చూపించాడు. తరవాత ముల్లు, తీగ, టంకం, చివరికి పుస్తకంలో ఆ మూడు ముక్కలు. ఆమె పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు ఒక్కొక్కటే చూసింది. చూసి, "ఒకసారి నొక్కనా?" అని అడిగింది.

చిన్న స్విచ్చి, వెంటనే పెద్దది. ఆ రోజు నొక్కినట్టే. ఏమీ కాలేదు. ఆమె వేలు తియ్యలేదు. గడియారం వైపు చూడలేదు. మూడు నిమిషాలూ అలాగే నిలబడింది. టిక్కుమని ముల్లు లేవగానే ఉలిక్కిపడి చెయ్యి వెనక్కు లాక్కుంది.

"ఈ మూడు నిమిషాలూ నేనేం చేశాను మరి?" అంది. "పిలుస్తూ ఉండి ఉంటానా? నాకు గుర్తులేవు అవి. నొక్కాను, పేలింది, అంతే ఉంది." తన వేలినే చూసుకుంది. "నొక్కగానే కదా పేలింది అని ప్రెసిడెంటు గారు ఆ రోజు అడిగారు. నేను అవునన్నానేమో. అందరూ అడిగారు."

"తప్పు నాదమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఎనిమిది నెలలండీ," అంది ఆమె. కోపంగా కాదు, లెక్క సరిపోని మనిషిలా. చెప్పులు ఒకదానికొకటి తారుమారుగా తొడుక్కుని, విప్పి, సరిగ్గా తొడుక్కుని వెళ్లిపోయింది.

శనివారం పొద్దున మేస్త్రి స్వయంగా వెళ్లి క్లబ్బు గోడకు కాగితం అంటించి వచ్చేసరికి ఆమె షాపు ముందు నిలబడి ఉంది. నిద్ర లేని కళ్లు.

"పోయిన పెద్దాయన కూతురు ఏటి ఇవతలే ఉంటుంది. అప్పుడే వెళ్లి నా వల్లే అని చెప్పుకున్నాను. ప్రతి శనివారం వెళ్తున్నాను. ఇవాళ ఏమని వెళ్లను? నేను చెబితే తప్పించుకుంటున్నట్టుంటుంది. మీరు రండి."

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె గోడకున్న ఉతికిన చొక్కా తీసి ఆయన చేతికిచ్చింది.

మూడు సందులు దాటాక ఒక గది ఇల్లు. కిటికీ చిన్నది. తలుపు వెలుతురులో కుట్టుమిషను. దాని ముందు ఆ కూతురు, ముప్ఫై ఏళ్ల మనిషి, నోట్లో రెండు గుండుసూదులు. గోడవార నీలంరంగు బడి చొక్కాలు గుట్టగా పడి ఉన్నాయి. టీచరమ్మ గడప ఇవతలే ఆగిపోయింది. మేస్త్రే చెప్పాల్సి వచ్చింది. ముల్లు అన్నాడు, తీగ అన్నాడు, మూడో కెపాసిటరు అన్నాడు, మళ్లీ ముల్లు దగ్గరికొచ్చి తనే చిక్కుపడిపోయాడు. దర్జీ ఆమె సూదులు నోట్లోంచి తీసి గుడ్డకు గుచ్చింది.

"నాకివన్నీ తెలీవు. తప్పు ఈవిడది కాదు, మీది. అంతేనా?"

"అంతే."

ఆమె ఆయన్ని చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నాన్నకి ఆయాసం ఎప్పటి నుంచో ఉంది. పడవ టైముకి వస్తే బతికేవాడా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేనన్నాడు. ఇంకో డాక్టర్ని అడిగాను. ఆయనా అంతే." మిషను చక్రం చేత్తో వెనక్కు తిప్పి, ఇరుక్కున్న దారం తెంపింది. అప్పుడు ఆమె గొంతు మారింది. మాట మేస్త్రితో కాదు, ఆయన భుజం మీదుగా వెనక్కు. "అయితే ఇక మీరు రారా?"

ఆ ప్రశ్న వస్తుందని టీచరమ్మ అనుకోలేదు.

"రావాల్సిన పని లేదు కదా ఇప్పుడు," అంది దర్జీ, గుడ్డ వైపు చూస్తూ. "ఊరికే అడిగాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. టీచరమ్మ మేస్త్రి పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్లింది. చేతిసంచి మేకుకు తగిలించి చొక్కాల గుట్ట పక్కన చాప మీద కూర్చుంది.

"బొత్తాలేవి?"

దర్జీ గడ్డంతో అలమారు వైపు చూపించింది. టీచరమ్మ డబ్బా అందుకుంది. సూది వెలుతురుకు పట్టుకుని దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించింది. నాలుగోసారి ఎక్కింది.

మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు. వెళ్లమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు కట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ," అంది దర్జీ, తల ఎత్తకుండానే. "లోపలికన్నా రండి, బయటికన్నా వెళ్లండి. గుమ్మంలో నిలబడితే నాకు వెలుతురు అడ్డం."

ఆయన వెనక్కు తిరిగి వీధి చూశాడు. ఇటు తిరిగి గది చూశాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.